గడప లోపలి ఇంగ్లీషు

భిక్షపతి కుట్టుమిషనుకు నూనె చుక్కలు వేస్తూ, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, దానితోనే ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. గుడ్ మార్నింగ్ మేడమ్ అన్నాడు. చక్రం ఒక చుట్టు తిరిగింది. ఐ యామ్ ది టైలర్ మేడమ్ అన్నాడు. ఇంకో చుట్టు తిరిగింది. నూనె తాగిన మిషను గరగర మానేసి సన్నగా పలకడం మొదలుపెట్టేసరికి, తన నాలుక కూడా కొంచెం సాఫీ అయినట్టు అతనికి అనిపించింది.

పొయ్యి దగ్గర రొట్టె కొడుతున్న కాంతవ్వ ఆ మాటలన్నీ వింటూనే ఉంది.

"జర గట్టిగ అను. దొరసాని ఏడనో కూసుంటది, నువ్వేమో మిషన్ల తలకాయ పెట్టి గొణుగుతవ్."

"గీడ గట్టిగనే వస్తది. ఆడికి పోతేనే గొంతు పట్టుకుంటది."

"పట్టుకోనియ్యి. పట్టుకున్నది ఇడువదా?" అని కాంతవ్వ రొట్టెను పెనం మీద తిరగేసింది.

అమీర్‌పేటలో వాళ్ళుండేది పెంకులు కప్పిన ఒంటి గది. ముందు మోకాలెత్తు అరుగు, అరుగును ఆనుకుని పంజగుట్ట వైపు పోయే ఎర్రమట్టి బాట. గదిలో ఒక మూల మిషను, ఒక మూల పొయ్యి, మధ్యలో నులకమంచం. భిక్షపతి సన్నగా, కొంచెం ఎడమపక్కకు ఒరిగి ఉంటాడు. ఏళ్ళ తరబడి మిషను పెట్టెను అదే భుజం మీద మోసినందువల్ల అక్కడ కండ అణగిపోయి చిన్న గుంట పడింది. అంగీ కుట్టుకున్నప్పుడు ఆ గుంట కనిపించకుండా లోపల దూది మడిచి పెట్టుకుంటాడు. తన పనితనాన్ని తనకోసం వాడుకున్నది ఆ ఒక్క చోటే.

వాళ్ళది దుబ్బాక. తండ్రి మగ్గం నేసేవాడు. మిల్లు బట్ట వచ్చి మగ్గాలు మూలబడ్డాక భిక్షపతి పట్నం చేరి, అమీర్‌పేటలో ఒక ఉస్తాదు దగ్గర కత్తెర పట్టడం నేర్చుకున్నాడు. ఆయనతో ఉండి ఉర్దూ కూడా మంచిగా అబ్బింది. తర్వాత సొంతంగా బంగళాలు తిరగడం మొదలుపెట్టాడు. పంజగుట్ట, ఎర్రమంజిల్ వైపు దొరలూ పెద్ద ఉద్యోగులూ ఉండే బంగళాల వెనక వరండాల్లో కూర్చుని తెరలు, దిండు గలేబులు, పిల్లల గౌన్లు కుట్టి సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పొద్దంతా కండెలు చుట్టిన కాంతవ్వకు పట్నంలో చేతులకు పని లేకుండా పోయింది. చేతులు ఊరుకునేసరికి మాట కూడా ఊరుకుంది. రోజుల తరబడి ఆ గదిలో మిషను చప్పుడే మాటగా ఉండేది.

బంగళాల్లో భిక్షపతికి ఒక అలవాటుండేది. దొరసాని వస్తున్న అలికిడి కాగానే గుండుసూదులు తీసి పెదవుల మధ్య పెట్టుకునేవాడు. నోట్లో సూదులున్న దర్జీని జవాబు చెప్పమని ఎవరూ అడగరు. తల ఊపితే చాలు. మిగతా సంగతి బట్లరు చూసుకునేవాడు. దొరసాని చెప్పింది బట్లరు ఉర్దూలోకి మార్చేవాడు, దర్జీ చెప్పింది ఇంగ్లీషులోకి మార్చేవాడు, అందుకు దర్జీ కూలిలో కొంత దస్తూరీగా పుచ్చుకునేవాడు. దర్జీలకూ బట్లర్లకూ మధ్య ఇది తాతలనాటి ఏర్పాటు. దాన్ని తప్పని ఎవరూ అనుకోరు.

ఒక్కసారి మాత్రం బట్లరు ఇంట్లో లేని పూట ఎర్రమంజిల్ దగ్గర ఒక దొర తన పట్టుకోటు తెచ్చి ముందర పరిచి ఏదో అడిగాడు. భిక్షపతి యస్ సర్ అన్నాడు. దొర ఇంకేదో అడిగాడు. దానికీ యస్ సర్ అన్నాడు. దొర పెళ్ళినాటి కోటు అది. కొలతకోసం చూపించాడో, కత్తిరించమన్నాడో భిక్షపతికి ఇవాళ్టికీ తెలియదు. కత్తెర వేశాక దొర కేక వెయ్యలేదు. తెగిన ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ బంగళా మెట్లు భిక్షపతి మళ్ళీ ఎక్కలేదు. తిడితే బాగుండేది అని కాంతవ్వతో చాలాసార్లు అన్నాడు.

ఆ సూదుల రహస్యం కనిపెట్టినవాడు సత్యరాజు. పంజగుట్టలో ఇంజనీరు దొర బంగళాలో బట్లరు. బందరు మనిషి, మిషనరీల బడిలో చదువుకున్నాడు, ఇంగ్లీషు నీళ్ళలా మాట్లాడతాడు. మనిషి మంచివాడు. భిక్షపతికి చలిజ్వరం వచ్చి మంచం పట్టినప్పుడు, యుద్ధం వల్ల బజారులో దొరకని క్వినైను బిళ్ళలు ఎక్కడో సంపాదించి, వానలో నడిచి తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు నుంచి కాంతవ్వ అతన్ని అన్నా అని పిలుస్తోంది. భిక్షపతి దగ్గర దస్తూరీ పుచ్చుకోని బట్లరు కూడా అతనొక్కడే.

"ఏంటి భిక్షపతీ, నోట్లో ముళ్ళు పెట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతావు?" అన్నాడు ఒకరోజు వరండాలో. "నీకు రాని భాషేం కాదు. పదేళ్ళుగా చెవిలో పడుతూనే ఉంది. బయటికి రావడానికి దారి లేదంతే."

దారి అతనే వేశాడు. దొర, దొరసాని క్లబ్బుకు వెళ్ళిన సాయంత్రాలు అమీర్‌పేట వచ్చి మంచం మీద కూర్చునేవాడు. పుస్తకం లేదు, పలక లేదు. ఇంట్లో ఇంగ్లీషుకు చొక్కా తొడగనక్కర్లేదు అనేవాడు. కాంతవ్వ చేటలో బియ్యం చెరుగుతుంటే రాయి ఏమిటి, గింజ ఏమిటి, ఎందుకు ఏరుతున్నావు అని ఇంగ్లీషులో అడిగేవాడు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాలి. తప్పయితే తప్పు. ఎవరూ దిద్దరు, ఎవరూ వెక్కిరించరు. ఇక్కడ అన్న మాట ఈ గడప దాటదు, సరేనా అన్నాడు మొదటిరోజే.

కాంతవ్వ ఆ ఆటలోకి వస్తుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. ఒక సాయంత్రం భిక్షపతి దొరసాని ముందు నిలబడినట్టు నిలబడి మాట రాక తడబడుతుంటే, ఆమె చేట పక్కన పెట్టి లేచింది. తువ్వాలును గుండ్రంగా చుట్టి నెత్తిన టోపీలా పెట్టుకుంది. బోర్లించిన గంప మీద మోకాళ్ళు దగ్గరగా పెట్టి కూర్చుని, విసనకర్రతో గడ్డం కింద విసురుకుంటూ, ముక్కు కొంచెం పైకెత్తి, చిన్నగా దగ్గి గొంతు సవరించుకుని, టైలర్, దిస్ స్లీవ్ టూ లాంగ్ అంది. ఎక్కడ విన్నదో, ఎప్పుడు పట్టుకున్నదో. భిక్షపతి నవ్వు ఆపుకోలేక మిషను మీద వాలిపోయాడు. నవ్వుతూనే జవాబు చెప్పాడు. ఇంగ్లీషులో అతను భయపడకుండా చెప్పిన మొదటి జవాబు అదే.

ఆ తర్వాత ప్రతిసారీ కాంతవ్వే దొరసాని. ఆ గదిలోకి మాట వచ్చింది, మాట వెంట నవ్వు వచ్చింది. ఒక్క సాయంత్రం మాత్రం నవ్వు లేదు. ఆ రోజు దొర కోటు సంగతి ఇంగ్లీషులో చెప్పమని సత్యరాజు అడిగాడు. భిక్షపతి మొదలుపెట్టి, తెగిన ముక్క దాకా వచ్చి, అక్కడ ఆగిపోయి ఏడ్చాడు. నెత్తిన తువ్వాలు టోపీ ఉండగానే కాంతవ్వ లేచి వచ్చి, చీరకొంగుతో అతని మొహం తుడిచి, ఇయ్యాల్టికి సాలు తియ్యి, రేపు అందాం అంది. సత్యరాజు తల తిప్పుకుని బాట వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ మర్యాద చూసి భిక్షపతికి అతని మీద ఇంకా గౌరవం పెరిగింది.

ఇప్పుడు దండు ఆసుపత్రిలో గాయపడిన సిపాయిల కోసం ఒక కుట్టుగది పెడుతున్నారు. దానికి ఒక పెద్ద దర్జీ కావాలి. పని చూసేది దొరసానుల కమిటీ. వాళ్ళు చెప్పింది నేరుగా విని, నేరుగా జవాబిచ్చేవాడు కావాలన్నారు. ఈ సాయంత్రం టీకి వాళ్ళంతా ఇంజనీరు దొర బంగళాకు వస్తున్నారనీ, అప్పుడే భిక్షపతిని లోపలికి పిలుస్తారనీ సత్యరాజు ముందే చెప్పి వెళ్ళాడు. ఆ పని దొరికితే భుజం మీది పెట్టె కిందికి దిగుతుంది. ఒక కప్పు కింద, ఒకే చోట, తన నోటితో తను మాట్లాడుకుంటూ బతకవచ్చు. భిక్షపతి అంతకన్న పెద్ద కోరిక ఎన్నడూ కోరలేదు.

రొట్టె తిని, పెట్టె భుజానికెత్తుకుని బయలుదేరాడు. బాట పొడుగునా రాళ్ళ మధ్య సీతాఫలం పొదలు రాత్రి వానకు తడిసి ఉన్నాయి. సిపాయిల లారీలు వరసగా పోతుంటే పక్కకు తప్పుకుని, అవి పోయేదాకా గుడ్ మార్నింగ్ మేడమ్ అనుకుంటూ నిలబడ్డాడు. ఎదురుగా పాలకుండ నెత్తిన పెట్టుకుని వస్తున్న పాలావిడ రుద్రమ్మ అది చూసి, ఎవరితోని ముచ్చట అని అడిగింది. దొరసానితోని అన్నాడు. మరి నేనడిగిన్నని చెప్పు అని ఆమె నవ్వుకుంటూ పోయింది. ఆమె నవ్వు అతనికి శకునంలా తోచింది.

బంగళా వెనక వరండాలో ఎప్పటి చోట మిషను దించాడు. విమానాల భయానికి కిటికీలకు నల్లగుడ్డ తెరలు కుట్టిస్తున్నారు. ఆ గుడ్డ ముట్టుకుంటే వేళ్ళకు నలుపు అంటుతుంది. చెమట తుడుచుకుంటే మొహానికి అంటుతుంది. లోపలికి పిలిచినప్పుడు మొహం శుభ్రంగా ఉండాలని ఆ రోజంతా మోచేత్తోనే చెమట తుడుచుకున్నాడు. మధ్యాహ్నం సత్యరాజు ఒక గ్లాసు చల్లటి మజ్జిగ తెచ్చి పక్కన పెట్టాడు. భయం లేదుగా అని అడిగాడు. ఉన్నది భాయ్, గని ఎన్కటంత లేదు అన్నాడు భిక్షపతి. సత్యరాజు అతని అంగీ కాలరు సరిచేసి లోపలికి పోయాడు.

టీ వేళకు గుర్రపు బగ్గీలు, ఒక మోటారు వచ్చి ముందువైపు ఆగాయి. హాలుకూ వెనక వరండాకూ మధ్య వెదురు తెర ఒక్కటే అడ్డం. కప్పుల చప్పుడు, మాటలు, కుర్చీలు జరిపిన చప్పుడు స్పష్టంగా వినిపిస్తున్నాయి. భిక్షపతి ఆఖరి తెరకు అంచు మడుస్తూ వింటున్నాడు. వానాకాలానికి ముందైతే అది అతనికి పిట్టల గోల లాంటిది. ఇప్పుడు అందులోంచి మాటలు విడివిడిగా రాలుతున్నాయి. ఒకామె వానల గురించి చెబుతోంది. ఒకామె ఆసుపత్రి మంచాల గురించి అడుగుతోంది. ఇంత అర్థమవుతోందా అని అతనికే ఆశ్చర్యమయింది. చెయ్యి ఆపకుండా, సంతోషం మొహం మీదికి రాకుండా, వంగి కుడుతున్నాడు.

ఇంటి దొరసాని గొంతు వినిపించింది. సత్యరాజూ, ఆ దర్జీ, దర్జీ భార్య ఆట వీళ్ళకు చూపించు అంది.

మిషను ఆగింది.

దర్జీ ఇవాళ ఇక్కడే ఉన్నాడండి అని సత్యరాజు మెల్లగా అన్నాడు. ఆమె కొంచెం ఆలోచించినట్టుంది. అతనికి వినబడితే బాధపడతాడా, మన మాటలు అతనికి తెలుస్తాయా అని అడిగింది. హాలులో కొద్దిసేపు చప్పుడు లేదు. ఆ కొద్దిసేపట్లో భిక్షపతి మడిచిన అంచును అలాగే పట్టుకుని సత్యరాజు జవాబు కోసం ఎదురుచూశాడు. సత్యరాజుకు తెలుసు. భిక్షపతికి ఏ మాట తెలుసో, ఏ మాట తెలియదో ఈ లోకంలో సత్యరాజు ఒక్కడికే తెలుసు.

"నో మేడమ్. హీ అండర్‌స్టాండ్స్ నథింగ్."

వెదురు తెరలో ఒక పుల్ల విరిగి ఉంది. ఆ సందులోంచి కనిపించింది. సత్యరాజు ముందు ఎడమ భుజం వంచాడు. అంతే, అతను భిక్షపతి అయిపోయాడు. పెదవులు బిగించి, కళ్ళు పెద్దవి చేసి, గుడ్ మార్నింగ్ మేడమ్ అన్నాడు, ఒక్కో మాటకూ చేత్తో లేని చక్రాన్ని తిప్పుతూ. దొరసానులు నవ్వారు. తర్వాత బల్ల మీది తెల్లరుమాలు తీసుకుని గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. మోకాళ్ళు దగ్గరగా పెట్టి కుర్చీ అంచున కూర్చున్నాడు. గడ్డం కింద విసనకర్ర, పైకెత్తిన ముక్కు, మాటకు ముందు కాంతవ్వ గొంతు సవరించుకునే ఆ చిన్న దగ్గు కూడా. బాగా చేశాడు. ఎంత బాగా చేశాడంటే భిక్షపతికి ఒక్క క్షణం అక్కడ కాంతవ్వే కనిపించింది. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళ మధ్య, తన గదిలోని గంప మీద కూర్చుని.

ఆ తర్వాత దొర కోటు వచ్చింది. భిక్షపతి ఆగిపోయిన చోటే సత్యరాజు ఆగాడు. లేచి నిలబడి, రుమాలు టోపీ నెత్తిన ఉండగానే, పక్కనున్న గాలిలో ఒక మొహాన్ని లేని కొంగుతో తుడిచాడు. దొరసానులు ఈసారి గట్టిగా నవ్వలేదు. అయ్యో అన్నట్టు మూలిగి, పాపం ఎంత ముద్దుగా ఉన్నారో అనుకున్నారు. ఒకామె కళ్ళు కూడా ఒత్తుకుంది. అన్ని మాటలూ భిక్షపతికి అర్థమయ్యాయి. ఒక్కటీ పొల్లు పోలేదు.

అతను తెర అంచు పూర్తిచేశాడు. దారం కొరికాడు. నల్లగుడ్డను నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచాడు. లోపలికి రమ్మని సత్యరాజు వచ్చి పిలిచేసరికి పెదవుల మధ్య గుండుసూదులు ఉన్నాయి. ఎప్పుడు పెట్టుకున్నాడో అతనికి గుర్తు లేదు. సత్యరాజు వాటిని చూసి, అవి తియ్యి భిక్షపతీ, ఇవాళ మాట్లాడాలిగా అన్నాడు, ఎప్పటి ప్రేమతోనే.

హాలులో తివాచీ అంచున నిలబడ్డాడు. దొరసాని అతని వైపు దయగా నవ్వి, సత్యరాజు వైపు తిరిగి, పదిమంది దర్జీలతో పని చేయించగలడేమో అడుగు అంది. సత్యరాజు తెలుగులోకి మార్చబోయాడు. భిక్షపతి చెయ్యెత్తి ఆపాడు. పెదవుల మధ్య నుంచి సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకున్న సూదుల దిండులో గుచ్చాడు. దొరసానులు ఆ సూదులనే చూస్తున్నారు. గొంతు పట్టుకోలేదు. మంచం, గంప, చేట ఉన్న గదిలో మాట్లాడినట్టే మాట వచ్చింది.

"ఐ అండర్‌స్టాండ్, మేడమ్. ఐ వాజ్ సిట్టింగ్ దేర్. ఐ అండర్‌స్టాండ్ ఎవ్రీథింగ్."

ఎవరి చేతిలోనో కప్పు సాసరుకు తగిలి చప్పుడయింది. దొరసాని మొహం మెడ దాకా ఎర్రబడింది. ఆమె చెడ్డ మనిషి కాదు. లేచి రెండడుగులు ముందుకు కూడా వచ్చింది. పక్కనున్న పెద్దావిడ గొంతు సవరించుకుని, సంగతి తర్వాత తెలియజేస్తాం అంది. తెరలు పూర్తయ్యాయని భిక్షపతి ఇంగ్లీషులోనే చెప్పి, సెలవు తీసుకున్నాడు. సత్యరాజు మొహం వైపు చూడలేదు. చూస్తే ఆ మొహం ఎలా ఉంటుందో తెలుసుకోవాల్సి వస్తుంది.

తిరుగు దారిలో పెట్టె బరువు తెలియలేదు. మాట్లాడగలిగినందుకు సంతోషించాలా అని ఒకచోట ఆగి ఆలోచించాడు. ఏళ్ళుగా ఎదురుచూసిన మాట, ఏ వణుకూ లేకుండా వచ్చిన మాట. అయితే పెద్దవాళ్ళు తమవల్ల సిగ్గుపడ్డవాణ్ని మన్నించగలరు గాని, తమను సిగ్గుపడేలా చేసినవాణ్ని మళ్ళీ కళ్ళెదుట పెట్టుకోరు. ఆ సంగతి అతనికి ఉస్తాదు దుకాణం నాటి నుంచి తెలుసు. పని పోయింది. అది అంతగా బాధించలేదు. కాంతవ్వకు ఏం చెప్పాలన్నదే బాధించింది. పని రాలేదంటే ఆమె తట్టుకుంటుంది. తన తువ్వాలు టోపీ పంజగుట్ట బంగళాలో ఆటయిందని తెలిస్తే మళ్ళీ నోరు మూసుకుంటుంది. ఆమె నోరు తెరవడానికి ఎన్నేళ్ళు పట్టిందో అతనికి తెలుసు. చెప్పకూడదని అక్కడే నిశ్చయించుకున్నాడు.

ఆమె అరుగు మీదే నిలబడి ఎదురుచూస్తోంది.

"అడిగిన్రా?"

"అడిగిన్రు."

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఇంగ్లీష్ల?"

"ఇంగ్లీష్లనే."

కాంతవ్వ అతని భుజం మీది పెట్టె తనే అందుకుని లోపల పెట్టింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. పని దొరికిందా లేదా అన్నది ఆమెకు అడగాలనిపించలేదు. మాట వచ్చింది, అది చాలు అన్నట్టు చాయ్ పెట్టడానికి కూర్చుంది. పొయ్యి ముందు ఆమె మొహం చూస్తూ, ఈ ఒక్కటన్నా మిగిలింది అనుకున్నాడు భిక్షపతి.

చీకటి పడకముందే సత్యరాజు వచ్చాడు. వస్తాడని భిక్షపతి అనుకోలేదు. చంకలో పాతకాగితం చుట్టిన గుండ్రటి పొట్లం ఒకటి ఉంది. దీపం పెట్టలేదా చెల్లెమ్మా అంటూ ఎప్పటిలాగే వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. కమిటీవాళ్ళు వేరే మనిషిని చూసుకున్నారని చెప్పాడు. తర్వాత పొట్లం కాంతవ్వకు అందించాడు. దొరసానిగారు నీకిమ్మన్నారు, కాదనకూడదు అన్నాడు.

కాగితం విప్పితే లోపల గడ్డితో అల్లిన టోపీ. దొరసానులు ఎండలో పెట్టుకునేది. చుట్టూ నీలం రిబ్బను, పక్కన గుడ్డతో చేసిన చిన్న పువ్వు. ఇంత సున్నితమైన అల్లిక కాంతవ్వ చేతికి ఎన్నడూ తగల్లేదు. నేతవాళ్ళ పిల్ల గనక ముందు దాని అల్లికే చూసింది, వేలితో వరస వెంబడి తడుముతూ. పట్టరాని సంతోషంతో సగం నెత్తి దాకా ఎత్తి, భిక్షపతి వైపు తిరిగింది. అతని మొహం చూసింది. టోపీ పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది.

"నాకు టోపీ ఎందుకు పంపింది? నేను తువ్వాల పెట్టుకుంటనని గామెకెట్ల తెల్సె?"

పొయ్యి మీద చాయ్ పొంగి బొగ్గుల మీద పడింది.

సత్యరాజు చెప్పడం మొదలుపెట్టాడు. దొరసాని కొడుకు బర్మా యుద్ధంలో ఉన్నాడనీ, చాలాకాలంగా ఉత్తరం లేదనీ, ఆ మధ్య కొన్నాళ్ళు ఆమె తిండి మానేసి మేడ మీది గది దిగలేదనీ చెప్పాడు. ఒకరోజు టీ తీసుకెళ్ళినప్పుడు ఏదో ఒకటి మాట్లాడాలని ఇక్కడి సంగతి చెప్పానన్నాడు. ఆమె నవ్విందన్నాడు. ఇంట్లో అందరూ ఆ నవ్వు విని మెట్ల దగ్గరికి వచ్చారన్నాడు. "మీ మీద ప్రేమతోనే చెప్పాను చెల్లెమ్మా. ఒట్టు." అతను అబద్ధం చెప్పడం లేదని భిక్షపతికి తెలుస్తూనే ఉంది. అది ఇంకా కష్టంగా ఉంది.

కాంతవ్వ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఈయన ఏడ్సింది సుత చెప్పినవా అన్నా?"

సత్యరాజు తల దించుకున్నాడు.

అప్పుడు భిక్షపతి అడిగాడు. "నాకేం తెల్వదని ఎందుకన్నవ్ భాయ్? నీకు తెల్సుగద."

"తెలుసంటే ఆట ఆపించేసేవారు," అన్నాడు సత్యరాజు. చాలా మెల్లగా, తనకు తనే చెప్పుకున్నట్టు అన్నాడు. అన్నాక తను ఏమన్నాడో తనకే వినబడినట్టుంది. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

కాంతవ్వ టోపీని బయట అరుగు మీద దించి వచ్చి, మిగిలిన చాయ్ గ్లాసులోకి వంచి అతని ముందు పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు. దగ్గు కూడా లేదు.

"అన్నా అని పిల్సిన గనక పోస్తున్న. తాగి పో. రేపటి సంది ఈ దిక్కు రాకు."

సత్యరాజు తాగాడు. వేడి చాయ్ గబగబా తాగుతుంటే గుటక చప్పుడు గదంతా వినిపించింది. ఖాళీ గ్లాసు నేల మీద పెట్టకుండా బయటికి తీసుకుపోయి, కుండ దగ్గర తనే కడిగి, గడప పక్కన బోర్లించాడు. ఇన్నాళ్ళలో అతను ఆ ఇంట్లో గ్లాసు కడిగింది లేదు. వస్తాను అనబోయి, ఆ మాట మింగి, అరుగు దిగాడు. బట్లరు తెల్లకోటు పంజగుట్ట బాటలో చాలా దూరం దాకా కనిపించింది. వంపు తిరిగాక కనిపించలేదు.

కాంతవ్వ చేట దగ్గరికి లాక్కుని బియ్యం ఏరుతోంది. భిక్షపతి మిషను ముందు కూర్చున్నాడు. ఏదైనా అనాలనుకున్నాడు. తెలుగులో వెతుక్కున్నాడు, ఉర్దూలో వెతుక్కున్నాడు. మూడో భాష వైపు మనసు పోలేదు. చేటలోంచి రాయి తీసి ఆమె బయటికి విసిరిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి. ఎందుకు ఏరుతున్నావని ఎవరూ అడగలేదు.

కాసేపటికి పెంకుల మీద చినుకులు మొదలయ్యాయి. అరుగు మీద ఉన్నదాన్ని లోపలికి తేవాలని ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. కాంతవ్వ దాన్ని ఎక్కడ దించిందో అక్కడే, వెల్లకిలా, గుడ్డపువ్వు ఒకపక్కకు వాలి, నీలం రిబ్బను తడికి నల్లబడుతూ, గడ్డిటోపీ ఒక్కో చినుకునూ లోపలికి పుచ్చుకుంటోంది.